కొట్టలేదుగా, మరి హింస ఎక్కడుంది?

"చెయ్యి చేసుకున్నాడా?" ఇంట్లో బాలేదని ఎవరైనా నోరు విప్పితే మనం ముందు అడిగేది ఇదే, లేదు అని చెబితే "అయితే సర్దుకుపో" అంటాం. చట్టాలు కూడా చాలాకాలం ఇంతే అడిగాయి, అంతకుముందైతే ఇది కూడా అడగలేదు. భార్యని కొట్టే హక్కు మొగుడికి లేదు అని అమెరికాలో అలబామా కోర్టు 1871లో తీర్పు రాయాల్సొచ్చింది, అంటే ఉందనే అనుకుంటూ వచ్చారన్నమాట. పెళ్లయ్యాక భార్య మీద భర్త చేసేది అత్యాచారమే కాదు అనే పాత సూత్రం ఇంగ్లండ్‌లో 1991లో గానీ పోలేదు. 1991 అండి, ఎప్పుడో రాజుల కాలం కాదు.

అసలు మార్పు కోర్టుల్లో కాదు, ఒక మామూలు ఇంట్లో మొదలైంది. 1971లో లండన్ చిస్విక్‌లో ఎరిన్ పిజ్జీ అనే ఆవిడ, ఆడవాళ్లు పిల్లల్ని తీసుకొచ్చి కాసేపు కూర్చుని మాట్లాడుకోడానికని ఒక ఇల్లు తెరిచింది, వచ్చినవాళ్లలో కొందరు ఒంటిమీద దెబ్బలతో వచ్చారు, సాయంత్రమైతే తిరిగి ఇంటికెళ్లలేమన్నారు, అలా అదే షెల్టర్ అయిపోయింది. సంసారం గుట్టు, రోగం రట్టు అంటారు కదా, ఆ గుట్టే రోగాన్ని దాచిపెట్టిందని అక్కడ తెలిసింది.

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది మాత్రం 1984లో అమెరికాలో డులూత్ అనే ఊళ్లో గీసిన బొమ్మ. హింస పడ్డ ఆడవాళ్లని కూర్చోబెట్టి అసలు ఇంట్లో ఏం జరుగుతుందని అడిగారు, వాళ్లు చెప్పినవన్నీ కలిపి ఒక చక్రంలా వేశారు. మధ్యలో అధికారం, కంట్రోల్. చుట్టూ 8 భాగాలు: బెదిరించడం, కళ్లతోనే భయపెట్టడం, అవమానించడం, పుట్టింటివాళ్లకీ ఫ్రెండ్స్‌కీ దూరం చేయడం, డబ్బు చేతికివ్వకపోవడం, పిల్లల్ని అడ్డం పెట్టుకోవడం, మగాణ్ణి నా మాటే చెల్లాలనడం, "నేనేమన్నాను, నువ్వే ఎక్కువ చేస్తున్నావ్" అనడం. కొట్టడం ఎక్కడుందో చూడండి, బయటి అంచులో, చక్రాన్ని పట్టి ఉంచే రిమ్ములాగా. ఒక్కసారి కొడితే చాలు, ఆ తర్వాత చూపు చాలు. ఇది మగవాళ్లకీ జరుగుతుంది, కాదనట్లేదు, కానీ ఆ బొమ్మ పుట్టింది ఆడవాళ్ల మాటల్లోంచే.

ఈ మాట చట్టంలోకి రావడానికి ఇంకో 30 ఏళ్లు పట్టింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015లో ఇలా మనిషిని గుప్పిట్లో పెట్టుకోవడాన్నే నేరం చేశారు, 5 ఏళ్ల దాకా జైలు.

ఈలోగా నర్సుగా పనిచేసిన పరిశోధకురాలు జాక్వెలిన్ కాంప్‌బెల్ 1980ల్లో ఒక ప్రశ్నల లిస్టు తయారుచేసింది, ప్రాణం మీదకి వచ్చే ప్రమాదం ఎంతుందో తెలుసుకోడానికి. గొంతు నొక్కాడా, చంపుతానన్నాడా, ఆయుధం ఉందా, విడిపోయారా ఇలాంటివి. దాంతోపాటు ఒక క్యాలెండర్ ఇచ్చి పోయిన ఏడాదిలో దెబ్బలు తిన్న రోజులకి గుర్తు పెట్టమనేది. ఎప్పుడో ఒకసారి అనుకున్న మనిషి తను పెట్టిన గుర్తులు తనే చూసుకుని ఆగిపోతుంది.

విడిపోతున్న టైమే ఎక్కువ ప్రమాదం అని కూడా తేలింది, అందుకే హెల్ప్‌లైన్ వాళ్లు వెంటనే వచ్చేయ్ అనరు, ముందు ప్లాన్ వేయిస్తారు, సర్టిఫికెట్లు, మందులు, కొంత డబ్బు నమ్మకమైనవాళ్ల దగ్గర పెట్టించడం, పిల్లలతో ఏ దారిన బయటపడాలో చూసుకోవడం. వెళ్లాలో వద్దో తేల్చుకోకపోయినా కాల్ చేయొచ్చు. మీ ఫోన్ ఆయన చూస్తాడనిపిస్తే వేరేవాళ్ల ఫోన్ వాడండి.

2020 లాక్‌డౌన్‌లో కెనడా మహిళా ఫౌండేషన్, నోరు విప్పకుండానే సాయం కావాలని చెప్పడానికి ఒక సైగ కూడా తెచ్చింది, అరచేయి చూపించి బొటనవేలు లోపలికి మడిచి మిగతా వేళ్లు దానిమీద మూయడం. వీడియో కాల్‌లో ఎవరైనా అలా చేస్తే కంగారుపడి ఏమైందని గట్టిగా అడక్కండి, అవును కాదు అని తేల్చేలా అడగండి, పక్కనే ఉండి వింటుంటాడేమో.