41 నంబరు బండి

చిన్నీ, నానీ,

మొన్న ఫోన్లో నాని అడిగినదానికి అప్పటికప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. "తాతయ్యా, ఆఖరి చుట్టులో ఆగిపోయిన కారుకి కప్పు ఎలా ఇచ్చారు?" అన్నాడు. వెనకనుంచి చిన్ని, "వాడు రెండు కారు రేసుల వీడియోలు కలిపేశాడు తాతయ్యా" అంది. ఇద్దరి మాటా నిజమే. కారు ఆగిపోయింది, కప్పూ వచ్చింది. కాకపోతే అవి రెండు వేరు వేరు పోటీలు. ఫోన్లో చెబితే సగం మీ అమ్మ మిక్సీ మోతలో కలిసిపోతుందని ఇలా కాగితం పట్టుకున్నాను.

ముందు పేర్ల తికమక తీరుస్తాను. ఫ్రాన్సులో లు మాఁ అని ఒక ఊరుంది. ఇంగ్లీషు అక్షరాలు చూసి మనం లెమాన్స్ అని చదువుతాం, నేనూ చాలా ఏళ్లు అలాగే అన్నాను. ఆ ఊరివాళ్లు చివరి అక్షరం నోట్లోనే మింగేస్తారు. అక్కడ 1923లో మొదలైన రేసు ఒకటుంది, 24 గంటలు ఆపకుండా నడుస్తుంది. ఆ రేసు నిర్వహించే క్లబ్బే 2004లో యూరప్ వరకు ఒక సీజన్ పోటీ పెట్టింది. ఇప్పుడు దాన్ని యూరోపియన్ లు మాఁ సిరీస్ అంటున్నారు. తమాషా ఏమిటంటే, ఆ సిరీస్‌లో ఒక్క రేసూ లు మాఁ రోడ్డు మీద జరగదు. బందరు లడ్డు కొట్లన్నీ బందరులోనే ఉన్నాయా ఏమిటి? 2012లో ఈ సిరీస్ దాదాపు మూతపడే పరిస్థితి వచ్చింది, మూడే రేసులతో సరిపెట్టుకున్నారు. తర్వాత నెమ్మదిగా కోలుకుంది.

నాని చూసిన సీజన్ 2021ది. మొత్తం ఆరు రేసులు, ఒక్కొక్కటి నాలుగు గంటలు. ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో మొదలై అక్టోబర్‌లో పోర్చుగల్‌లోని పోర్టిమావ్‌లో ముగిసింది. మధ్యలో ఆస్ట్రియా, ఫ్రాన్సు, ఇటలీ, బెల్జియం. గెలిచిన కారుకి 25 పాయింట్లు, రెండోదానికి 18, మూడోదానికి 15, ఆ కిందవాటికి తగ్గుతూ వస్తాయి. సీజన్ చివర ఎవరికి ఎక్కువుంటే కప్పు వాళ్లది. మీ స్కూల్లో యూనిట్ టెస్టుల మార్కులు కలిపినట్టే.

ఈ కార్లు మీ నాన్న కారులాంటివి కావు. వీటిని ప్రోటోటైప్ అంటారు, అంటే ఏ షోరూములోనూ దొరకనివి, రేసు కోసమే పుట్టినవి. ఇందులో పెద్ద తరగతి పేరు ఎల్‌ఎంపీ2. దాదాపు అందరూ ఫ్రాన్సులో తయారైన ఒరెకా 07 కారే కొంటారు. 2021లో ఒక జట్టు కారు మీద అరస్ అని ఉండేది, పేరు తప్ప లోపలున్నది ఒరెకాయే. ఇంజన్ అందరికీ ఒకటే, గిబ్సన్ కంపెనీ 4.2 లీటర్ల వీ8. టైర్లు కూడా ఆ ఏడాదినుంచి అందరికీ గుడ్‌ఇయర్ కంపెనీవే. బరువు 950 కిలోలు. మీ స్విఫ్టు కూడా ఇంచుమించు అంతే తూగుతుంది, కానీ దాని ఇంజను 90 హార్స్‌పవర్, దీనిది ఆ ఏడాది 540 దాకా. అంతకుముందు ఏడాది 600 ఉండేది. లు మాఁ 24 గంటల రేసులో దీనికి పైన ఇంకో తరగతి ఉంది, అందులో కొత్తగా వచ్చిన కార్లు మునుపటివాటంత వేగంగా లేవని దీనికి కోత పెట్టారు. పెద్దాడికి మార్కులు తగ్గాయని చిన్నాడి పుస్తకాలు దాచినట్టుంది, నాకైతే నచ్చలేదు.

వీటితోపాటే అదే రోడ్డు మీద చిన్న ప్రోటోటైపులూ, ఫెరారీ, పోర్షే కార్లూ పరిగెడతాయి. వాటి వేగం తక్కువ. అంటే ముందున్నవాడు నాలుగు గంటలూ ఎవరో ఒకరిని దాటుకుంటూనే ఉండాలి. మన హైవే మీద లారీ, ఆటో, ట్రాక్టరు, బస్సు ఒకేసారి వెళ్తుంటే మీ అమ్మ ముందు సీట్లో కళ్లు మూసుకుంటుందే, అలా ఉంటుంది.

కార్లన్నీ ఒకటే అయితే మరి గెలుపు ఎక్కడ? నా లెక్కలో, అది ఆగిన చోట. నా నలభై ఏళ్ల నౌకరీ బస్సుల షెడ్డులో గడిచింది కాబట్టి నా కన్ను అటే పోతుందనుకోండి. ట్యాంకులో పట్టేది 75 లీటర్లే. నలభై నిమిషాలకు అటూ ఇటూ బండి పిట్‌లోకి, అంటే రోడ్డు పక్కన జట్టు మెకానిక్కులుండే చోటికి, రావాల్సిందే. వచ్చాక ఇంజన్ ఆపాలి, మన పెట్రోలు బంకులో బోర్డు మీద రాసి ఉంటుందే, అదే నియమం. పెట్రోలు పోయడం అయ్యాకే టైర్ల మీద చెయ్యి వెయ్యాలి. ఆ గొట్టం తీసిన క్షణానికీ, నట్టు విప్పే గన్ను చక్రానికి తగిలిన క్షణానికీ మధ్య ఎవడు తడబడ్డాడన్నది చూడండి. అక్కడ పోయిన మూడు సెకన్లు రోడ్డు మీద తిరిగి రాబట్టాలంటే డ్రైవరు ఎన్ని మలుపుల్లో ప్రాణం పెట్టాలో. టీవీ వాళ్లు ఓవర్‌టేకులే పదేపదే వేస్తారు. నేను మాత్రం పిట్ చూపించినప్పుడే కుర్చీ ముందుకు లాక్కుంటాను.

ఇక 41 నంబరు బండి. జట్టు పేరు డబ్ల్యూఆర్‌టీ, బెల్జియం వాళ్లు. అప్పటిదాకా ఎక్కువగా ఆడీ కంపెనీ కార్లతో వేరే రేసులు నడిపినవాళ్లు, ప్రోటోటైపుల్లో అది వాళ్లకి మొదటి పూర్తి సీజన్. కారుకి ముగ్గురు డ్రైవర్లు, వంతులవారీగా నడుపుతారు. ఇందులో ఒక మంచి నియమం ఉంది. డ్రైవర్లని అనుభవాన్నిబట్టి ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని విభజిస్తారు, ముగ్గురిలో ఒకరైనా సిల్వర్‌గానీ బ్రాంజ్‌గానీ అయ్యుండాలి. అందరూ మహామహులే ఎక్కడానికి లేదు.

41లో ఆ సిల్వర్ కుర్రాడు యే యిఫెయ్, చైనాలోని షియామెన్ ఊరివాడు, ఆ ఏడాదే 21 నిండాయి. రెండోవాడు లూయీ డెలెత్రా, స్విట్జర్లాండ్. వాళ్ల నాన్న ఫార్ములా వన్ నడిపాడు. మూడోవాడి గురించి కాస్త ఎక్కువ చెప్తాను. రాబర్ట్ కుబిత్సా, పోలండ్. 2008లో కెనడాలో ఫార్ములా వన్ రేసు గెలిచాడు. 2011 ఫిబ్రవరిలో సరదాకి ఇటలీలో ఒక చిన్న కార్ల ర్యాలీ పోటీలో నడుపుతుంటే కారు రోడ్డు పక్కన ఇనుప కంచెకి కొట్టుకుంది, ఆ కంచె రేకు కారులోకి దూసుకొచ్చింది. కుడి చెయ్యి దాదాపు తెగింది. గంటల తరబడి ఆపరేషన్ చేసి నిలబెట్టారు. ఆ చేత్తో, అసలు చెప్పాలంటే ఎక్కువ పని ఎడమచేతికి అప్పగించి, 2019లో మళ్లీ ఫార్ములా వన్‌లో కూర్చున్నాడు. జర్మనీలో ఒక్క పాయింటు సంపాదించాడు. ఒక్కటే. కానీ ఆ జట్టుకి ఆ ఏడాదంతా వచ్చిన పాయింటు కూడా అదొక్కటే.

ఏప్రిల్ 18న బార్సిలోనాలో మొదటి రేసు. కొత్త జట్టు, కొత్త కారు, గెలిచేశారు. మే నెలలో ఆస్ట్రియాలో మళ్లీ గెలిచారు. జూన్‌లో ఫ్రాన్సులో పానిస్ అనే జట్టు వాళ్లని ఆపింది. ఇటలీ రేసు గురించి ఇక్కడ చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. పాయింట్లలో మాత్రం 41 ముందే ఉంది.

ఆగస్టు వచ్చేసరికి సిరీస్‌కి విరామం, లు మాఁ 24 గంటల రేసు. మామూలుగా జూన్‌లో జరిగేది, కరోనా వల్ల ఆ ఏడాది ఆగస్టుకి జరిపారు. 41కీ పిలుపొచ్చింది. ఇదిగో, నాని చూసిన మొదటి వీడియో ఇక్కడిది. ఈ రేసు పాయింట్లు ఆ సిరీస్‌లో కలవవు.

ఆగస్టు 22, ఆదివారం, శ్రావణ పౌర్ణమి. మన గడియారంలో రాత్రి ఏడున్నరకి రేసు అయిపోవాలి. తరగతిలో 41 మొదటి స్థానం, అదే జట్టు రెండో కారు 31 దాని వెనక. ఒక్క షెడ్డుకి రెండు బహుమతులు. 41 గీత దాటి ఆఖరి చుట్టులోకి వెళ్లింది. చుట్టు పొడవు 13.6 కిలోమీటర్లు, అంటే మూడున్నర నిమిషాల పని. స్టీరింగు దగ్గర యే ఉన్నాడు. మొదటి మలుపులు దాటాడో లేదో, కారు నెమ్మదించింది. రోడ్డు పక్కకి జరిగింది. ఆగింది.

వెనకనుంచి 31 వచ్చి ముందుకెళ్లింది. దాని వెనక జోటా జట్టు 28 తరుముకొస్తోంది. గీత దగ్గర, రేసు అయిపోయిందని ఊపే గళ్ల జెండా పట్టుకున్నాయన ట్రాక్ మీదే నిలబడి ఉన్నాడు. ముందు నెమ్మదిగా వెళ్తున్న కార్లు, పక్కన ఈయన, ఆ సందులోంచి 31 వంకర తిరిగి దూసుకుపోయింది. 28 కంటే 0.727 సెకను ముందు. ఇరవైనాలుగు గంటల తర్వాత, ఒక రెప్పపాటు తేడా. ఒకే షెడ్డులో ఒక వైపు కౌగిలింతలు, ఇంకో వైపు తల పట్టుకుని కూర్చున్నవాళ్లు. ఆఖరి చుట్టు పూర్తి చెయ్యలేదు కాబట్టి 41 పేరు ఫలితాల వరుసలోనే లేదు.

ఎందుకు ఆగింది? మా కాలం బస్సుల్లో ఏక్సిలేటర్ తొక్కితే కింద ఇనప తీగ లాగేది, అది పంపుని లాగేది. తీగ తెగితే చూడగానే తెలిసేది. ఈ కార్లలో అలాంటి తీగ లేదు. ఎంత తొక్కారో సెన్సార్ చూస్తుంది, సన్నటి వైరులో ఆ కబురు కంప్యూటర్‌కి వెళ్తుంది, కంప్యూటర్ ఇంజన్‌కి చెబుతుంది. ఆ సెన్సార్ దగ్గర షార్టయింది. అంతే. ఇంజన్ బాగుంది, టైర్లు బాగున్నాయి. యే కాలు నొక్కుతూనే ఉన్నాడు, ఆ మాట మాత్రం ఇంజన్‌కి చేరలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం ఇప్పటిదాకా మీ అమ్మమ్మకి కూడా చెప్పలేదు. నౌకరీలో చేరిన మూడో ఏడో నాలుగో ఏడో, ఒక బస్సుకి హెడ్‌లైట్ల వైరింగు కొత్తగా వేశాను. చాసిస్ పక్కన ఒక చోట క్లిప్పు వెయ్యాలి. క్లిప్పులు అయిపోయాయి, స్టోర్స్ గదికి తాళం వేసుంది, టేపు చుట్టి వదిలేశాను. వారానికి ఆ బస్సు పెళ్లివారితో రాత్రి పూట వెళ్తుండగా దారిలో లైట్లు పోయాయి. డీజిల్ బండి కాబట్టి ఇంజన్ తిరుగుతూనే ఉంది, దారే కనపడదు. తెల్లవారేదాకా రోడ్డు పక్కన నిలిపేశారు. ముహూర్తం దాటిపోయింది. మర్నాడు బండి షెడ్డుకి వస్తే చూశాను: కుదుపుకి ఇనుముకి రాసుకుని రాసుకుని టేపు చిరిగింది, గోరంత మేర రాగి మెరుస్తోంది. మా మేస్త్రీ "ఎలక మేసుంటుంది" అన్నాడు. నేను అవునన్నాను.

41 వైరింగు ఎవరు వేశారో నాకు తెలియదు, అక్కడ ఎవరి తప్పూ లేకపోవచ్చు, 24 గంటల అదురుకి ఏదైనా జరుగుతుంది. నాకు మాత్రం ఆ గోరంత రాగి కనిపించింది.

ఇక నాని రెండో వీడియో. లు మాఁ అయిన నాలుగు వారాలకి, సెప్టెంబర్ 19న, సిరీస్ ఐదో రేసు స్పాలో. బెల్జియం అడవుల్లో ఎత్తుపల్లాల రోడ్డు, ఏ మలుపులో వాన పడుతుందో చెప్పలేని చోటు. పైగా డబ్ల్యూఆర్‌టీకి సొంత దేశం. అదే కారు నంబరు, అదే ముగ్గురు. గెలిచారు. ఆ గెలుపుతో, ఇంకో రేసు మిగిలి ఉండగానే, సీజన్ కప్పు వాళ్లదైపోయింది. కాబట్టి నానీ, ఆగిపోయినందుకు కాదు కప్పు. ఆగిన రేసు లెక్క ఒకటి, నాలుగు గంటల రేసుల లెక్క ఇంకొకటి. చిన్నీ, నువ్వు చెప్పిందే కరెక్టు, వాణ్ణి మరీ ఏడిపించకు.

మనవాళ్లు ఎవరైనా ఉన్నారా అని కూడా అడిగారు. 2019లో ఇదే సిరీస్‌లో బెంగళూరు కుర్రాడు అర్జున్ మైనీ ఎల్‌ఎంపీ2 నడిపాడు. మన హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023లో జరిగిన రేసు వేరు, అవి ఒక్కరే కూర్చునే కరెంటు కార్లు, వాటి దారి వేరు.

ఆ ముగ్గురి సంగతి చెప్పి ముగిస్తాను. డెలెత్రా ఆ సిరీస్ కప్పు 2022లో ఇంకో జట్టుతో, 2024లో మరో జట్టుతో గెలిచాడు. 2024లో పక్కన మళ్లీ కుబిత్సాయే. ఇక 2025 జూన్ 15న లు మాఁలో పసుపురంగు ఫెరారీ, నంబరు 83. అందులో ముగ్గురు: కుబిత్సా, యే, ఫిల్ హాన్సన్. 2021 సిరీస్‌లో వీళ్లని తరిమిన యునైటెడ్ జట్టులో నడిపినవాడే ఈ హాన్సన్. ఈసారి తరగతిలో కాదు, మొత్తం రేసులోనే ముందున్నారు. ఆఖరి గంటల్లో స్టీరింగు కుబిత్సా చేతిలో.

ఏడున్నర కావస్తోంది. 83 గీత దాటి ఆఖరి చుట్టులోకి వెళ్లింది. నేను లేచి టీవీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. చపాతీలు ఒత్తుతున్న మీ అమ్మమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "ఏమైంది, మళ్లీ ఆగిందా?" అంది.

"లేదు, వెళ్తోంది" అన్నాను.

మీ
తాతయ్య

సెలవులకి వచ్చేటప్పుడు నాని ఆ రిమోట్ కారు తీసుకురావాలి. వెనక చక్రం తిరగడం లేదన్నాడుగా, వైరు చూద్దాం.