స్టార్టప్ పెట్టుబడి: ఓరుగల్లులో వినబడే అపోహలు, అసలు లెక్కలు

హన్మకొండ, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి టెక్నాలజీ కంపెనీ పెట్టి ఫండ్ కోసం మా లాంటి పెట్టుబడి ఫండ్‌ల దగ్గరికి వచ్చేవాళ్లతో మొదటి మీటింగులో సగం సమయం పెట్టుబడి అంటే ఏమిటో చెప్పడానికే పోతుంది. అందులో వాళ్ల తప్పేం లేదు. ఇక్కడ పైసలు పుట్టే దారులు అందరికీ తెలిసినవి రెండే: చిట్టీ, మిత్తి. వెంచర్ ఫండ్ లెక్క ఈ రెండు కొలతలకూ అందదు. కింద రాసినవి 50 లక్షల నుంచి 2 కోట్ల దాకా మొదటి చెక్కు రాసే ప్రాంతీయ ఫండ్‌ల సంగతులు. పెద్ద ఫండ్‌ల తీరు కొంత వేరుగా ఉంటుంది.

అపోహ: ఇది మిత్తి లేని అప్పు. కంపెనీ మునిగితే ఇల్లు రాసియ్యాల్సి వస్తుంది.

ప్రోనోటు ఉండదు, జమానతు ఉండదు, నెలనెలా కట్టేదీ ఉండదు. ఫండ్ మీ కంపెనీలో షేర్లు కొంటుంది. సాధారణంగా అవి తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లు, అందరూ సీసీపీఎస్ అంటారు. నిజాయితీగా నడిపిన కంపెనీ మూతపడితే ఫౌండర్ సొంత జేబులోంచి తిరిగి ఇవ్వాల్సింది ఏమీ లేదు. అయితే లేని కస్టమర్లను చూపించినా, కంపెనీ పైసలు పక్క ఖాతాకు మళ్లించినా, దాచిన కేసు బయటపడినా కథ మారుతుంది. ఒప్పందంలోని ఇండెమ్నిటీ క్లాజు (నష్టం పూడ్చాలనే షరతు) సరిగ్గా అందుకే ఉంటుంది.

అలాగని షేరు అంటే అందరికీ ఒకే వరస కాదు. ఫండ్ 1.5 కోట్లు పెట్టి 20% తీసుకుందనుకోండి, ఒక రెట్టు లిక్విడేషన్ ప్రిఫరెన్స్ ఉంది. కంపెనీ 4 కోట్లకే అమ్ముడుపోతే ఫండ్ ముందుగా తన 1.5 కోట్లు తీసుకుంటుంది, మిగిలిన 2.5 కోట్లు మిగతావాళ్లవి. 20% వాటా లెక్కన అయితే దానికి 80 లక్షలే వచ్చేవి. అదే 20 కోట్లకు అమ్మితే ప్రిఫరెన్స్ వదిలేసి వాటా కిందే 4 కోట్లు తీసుకుంటుంది. ఈ రెండు దారులూ సమానమయ్యే ధర 7.5 కోట్లు. ‘పార్టిసిపేటింగ్’ అన్న ఒక్క మాట చేరిందంటే మాత్రం ముందు 1.5 కోట్లు, ఆపైన మిగిలినదాంట్లో మళ్లీ 20% పోతాయి. టర్మ్ షీట్‌లో, అంటే పెట్టుబడి షరతులు ముందుగా రాసుకునే కాగితంలో, ముందు వెతకాల్సిన మాట ఇదే.

అపోహ: మా కంపెనీ లాభాల్లో ఉంది కాబట్టి పెట్టుబడి ఖాయం.

ఎక్కువ మంది మనసు నొచ్చుకునేది ఇక్కడే. కాబట్టి ఫండ్ వైపు లెక్క పూర్తిగా చూడండి.

ఫండ్‌లో ఉండేది చాలావరకు ఫండ్ నడిపేవాళ్ల సొమ్ము కాదు. ఇలాంటి ఫండ్‌లను ఏఐఎఫ్ (ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్) అంటారు, సెబీ 2012 ఏఐఎఫ్ నిబంధనల ప్రకారం అందులో చేరే ఒక్కో ఇన్వెస్టర్ కనీసం కోటి రూపాయలు పెట్టాలి. ఫండ్ మొత్తం కనీసం 20 కోట్లు ఉండాలి. 50 కోట్ల ఫండ్ అనుకుందాం. నిర్వహణ ఫీజు ఏడాదికి 2% చొప్పున ఎనిమిదేండ్లకు 8 కోట్లు, దాని మీద 18% జీఎస్టీ 1.44 కోట్లు. ఆడిట్, ట్రస్టీ, లాయర్ల ఖర్చులూ తీసేస్తే చేతిలో మిగిలేది దాదాపు 40 కోట్లు. అందులో సగం అవే కంపెనీల రెండో రౌండ్ల (తర్వాతి విడత పెట్టుబడి) కోసం పక్కన పెడతారు. మిగతా 20 కోట్లను 1.25 కోట్ల చొప్పున పదహారు కంపెనీలకు పంచుతారు.

ఇన్వెస్టర్లు ఎనిమిది, పదేండ్లు ఆగేది మూడింతలైనా వస్తాయని. అంటే ఫండ్ 150 కోట్లు వెనక్కి తేవాలి. మొదట 18% వాటా కొన్నా, తర్వాతి రౌండ్లలో పలచబడి చివరికి 12% దగ్గర నిలుస్తుంది. 12% వాటా 150 కోట్లు కావాలంటే ఆ పదహారు కంపెనీల విలువ కలిపి 1,250 కోట్లు దాటాలి. వాటిలో సగం చేతికి రావన్నది చెక్కు రాసే రోజే వేసుకునే అంచనా. కాబట్టి మిగిలిన సగంలో ఒకటి రెండు కంపెనీలే ఆ బరువంతా మోయాలి.

ఇప్పుడు ఏడాదికి 40 లక్షల లాభం చేసే మంచి సాఫ్ట్‌వేర్ సర్వీసుల కంపెనీని తీసుకోండి. లాభానికి పది రెట్లు కట్టినా విలువ 4 కోట్లు, అందులో 18% అంటే 72 లక్షలు. 1.25 కోట్లు పెట్టి 72 లక్షలు చూసే పని ఏ ఫండూ చేయదు. కంపెనీలో లోపమేమీ లేదు, ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే వ్యాపారమే. దానికి సరిపోయేది బ్యాంకు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు తాకట్టు లేకుండా ఇచ్చే రుణాలకు సీజీటీఎంఎస్ఈ అనే ప్రభుత్వ ట్రస్టు ఇచ్చే గ్యారంటీ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లకు పెరిగింది. ఫండ్ చుట్టూ ఆర్నెల్లు తిరిగే బదులు ఆ దారి చూసుకుంటే వాటా మొత్తం మీ చేతిలోనే ఉంటుంది.

అపోహ: మంచి నెల ఆదాయాన్ని 12తో గుణిస్తే అదే వార్షిక ఆదాయం.

ఏనుమాముల మార్కెట్ అడ్తిదారులకు లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ ఉందనుకుందాం. మార్చిలో 40 దుకాణాలు, ఒక్కోటి నెలకు 2,000 చొప్పున 80,000 కట్టాయి. ప్రెజెంటేషన్‌లో వార్షిక ఆదాయం 9.6 లక్షలని రాసుకొస్తారు. కానీ మార్చి అంటే యార్డు మిర్చి బస్తాలతో ఎర్రబడే నెల. జులైలో అదే లెక్క చూస్తే తొమ్మిది దుకాణాలే కడుతున్నాయి, 18,000. పత్తి రావడం మొదలైతే మళ్లీ పెరుగుతుంది. మార్చి నెల అంకె అబద్ధం కాదు. దాన్ని పన్నెండు నెలలకు సాగదీయడమే తప్పు.

మేము అడిగేది ఒక షీటు. దుకాణానికో వరస, నెలకో గడి, అందులో బ్యాంకులో పడిన సొమ్ము. ఆ షీటులో చూపు ముందు పోయేది మొత్తం మీదికి కాదు, పోయిన మిర్చి సీజన్‌లో ఉన్న 40 మందిలో ఈ ఫిబ్రవరికి తిరిగొచ్చినవాళ్ల మీదికి. 28 మంది వస్తే మాట్లాడుకోవచ్చు. పోయిన 12 మంది ఎందుకు పోయారో ఫౌండర్ పేరుపేరునా చెప్పగలిగితే ఇంకా మంచిది. చాలాసార్లు కారణం చిన్నగా ఉంటుంది. కాంటా అయిపోయింది, హమాలీలు బస్తాలు ఎత్తుతున్నారు, రైతు తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) కోసం నిలబడ్డాడు, సరిగ్గా అప్పుడే నెట్ పోయి ప్రింటర్ కదలదు. గుమాస్తా బల్ల కింది నుంచి పాత బుక్కు తీసి కార్బన్ పెట్టి రాసేస్తాడు. అలా రెండు రోజులు జరిగితే మూడో రోజు యాప్ తెరవడు. నెట్ లేకున్నా ప్రింట్ వచ్చేలా చేయడం ఆ కంపెనీకి కొత్త డ్యాష్‌బోర్డు కంటే ముందు చేయాల్సిన పని.

ఆ సొమ్ము ఏ ఖాతాలో పడుతుందన్నది కూడా చూస్తాం. ఫౌండర్ సొంత ఫోన్‌పే నంబరుకు వచ్చేదాన్ని కంపెనీ ఆదాయంగా లెక్కేయలేం. ఇన్వాయిస్, జీఎస్టీ రిటర్న్, బ్యాంకు స్టేట్‌మెంట్ మూడూ ఒకే మాట చెప్పాలి.

అపోహ: ఐడియా చెబితే దొంగిలిస్తారు, ముందు ఎన్‌డీఏ (గోప్యత ఒప్పందం) మీద సంతకం పెట్టించుకోవాలి.

మొదటి మీటింగుకు ఏ ఫండూ పెట్టదు. ఒకే తరహా ఐడియాలు ఏడాదిలో పదులకొద్దీ వస్తాయి, అన్నింటికీ సంతకాలు పెడితే ఎవరితోనూ మాట్లాడలేం. సోర్స్ కోడ్, కస్టమర్ల జాబితా అప్పుడే చూపించనక్కర్లేదు. అవి టర్మ్ షీట్ తర్వాతి మాట. దానిలోని గోప్యత క్లాజు ఇద్దరినీ కట్టేస్తుంది.

అపోహ: వరంగల్‌లో ఉంటే ఎవరూ పెట్టరు, ఆఫీసు హైదరాబాద్‌కు మార్చాలి.

రిజిస్టర్డ్ ఆఫీసు ఏ ఊళ్లో ఉందన్నది మార్కులు వేసే అంశమే కాదు. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన నిట్, 1976 నాటి కాకతీయ యూనివర్సిటీ ఈ ఊళ్లోనే ఉన్నాయి. మడికొండలో ఐటీ పార్కు ఉంది. జూనియర్ ఇంజినీర్లు దొరుకుతారు, అద్దె తక్కువ, అదే పైసలతో ఎక్కువ నెలలు నడపొచ్చు. కష్టమల్లా అనుభవమున్న సేల్స్ మేనేజరో, ప్రోడక్ట్ మేనేజరో దొరకడం. దానికి ఏం చేస్తారో ముందే ఆలోచించి ఉంచాలి. కస్టమర్లు ఎక్కడున్నారో సేల్స్ మనిషిని అక్కడ పెట్టి, ఇంజినీరింగ్ ఇక్కడ ఉంచితే చాలాసార్లు సరిపోతుంది.

కాలేజీ జట్లలో వేరే ప్రమాదం ఉంది. ఇద్దరు స్నేహితులు చెరిసగం రాసుకుంటారు. ప్లేస్‌మెంట్ల సీజన్‌లో ఒకరికి మంచి ఆఫర్ వస్తుంది, వెళ్లిపోతారు, 50% మాత్రం వాళ్ల పేరనే ఉండిపోతుంది. ఆ కంపెనీలో ఎవరూ పైసా పెట్టరు, పని చేసేవాడి దగ్గర సగమే ఉంది కాబట్టి. మొదటి రోజే నాలుగేండ్ల వెస్టింగ్ (షేర్లు పని చేసినకొద్దీ నెలనెలా దక్కడం), ఏడాది క్లిఫ్ (ఏడాదికి ముందే వెళితే ఏమీ దక్కకపోవడం) రాసుకుంటే ఎనిమిదో నెలలో వెళ్లినవాళ్లకు ఏమీ మిగలదు, పద్దెనిమిదో నెలలో వెళితే వాళ్ల షేర్లలో 37.5% దక్కుతుంది. స్నేహితుల మధ్య కాగితాలేంటి అనేవాళ్లకే ఈ కాగితం ఎక్కువ అవసరం.

అపోహ: వాల్యుయేషన్ ఎంత ఎక్కువైతే అంత గెలిచినట్టు.

6 కోట్ల ప్రీ-మనీ (పెట్టుబడి రాకముందు కంపెనీకి కట్టిన విలువ) మీద 1.5 కోట్లు వచ్చాయి, ఫండ్‌కు 20%. ఉద్యోగుల ఈసాప్ పూల్ (వాళ్లకు ఇవ్వడానికి పక్కన పెట్టే షేర్లు) 10% పెట్టాలని, అదీ పెట్టుబడికి ముందే తీయాలని టర్మ్ షీట్‌లో ఉంటుంది. అప్పుడు ఫౌండర్లకు మిగిలేది 70%. 7.5 కోట్లలో 70% అంటే 5.25 కోట్లు. కాగితం మీద 6 కోట్లన్నది మీ చేతికి 5.25 కోట్లుగా వచ్చింది. పూల్ ఎంత కావాలో వచ్చే 18 నెలల్లో తీసుకోబోయే ఉద్యోగుల జాబితా వేసి మాట్లాడండి. 6% చాలని చూపగలిగితే 10% ఒప్పుకోవాల్సిన పని లేదు.

ఇక మరీ పెద్ద అంకె తెచ్చుకుంటే తర్వాతి రౌండ్ దానికంటే పైన ఉండాలి. ఆదాయం అంత పెరగకపోతే తక్కువ ధరకు దిగాలి, అప్పుడు యాంటీ-డైల్యూషన్ క్లాజు (ధర పడితే ఫండ్‌కు ఎక్కువ షేర్లు ఇచ్చే షరతు) కదులుతుంది. అది ‘బ్రాడ్-బేస్డ్ వెయిటెడ్ యావరేజ్’ (ఫండ్ కొన్న ధరను సగటు లెక్కన కొంతే తగ్గించడం) అయితే దెబ్బ ఓర్చుకోగలిగినంత. ‘ఫుల్ రాచెట్’ (ఆ ధరను కొత్త ధరకే పూర్తిగా దించడం) అయితే ఫౌండర్ల వాటాయే కరిగిపోతుంది.

అపోహ: 51% మన దగ్గరుంటే నిర్ణయాలన్నీ మనవే.

రిజర్వ్‌డ్ మ్యాటర్స్ జాబితా చదవండి. కొత్త షేర్లు, పెద్ద అప్పు, కంపెనీ అమ్మకం, ఫౌండర్ జీతం లాంటివి ఫండ్ రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా కదలవు, వాటా 10% ఉన్నా సరే. ఇది మామూలే. కానీ రెండు లక్షల ఖర్చుకు కూడా అనుమతి అడగాలని రాస్తే ఒప్పుకోకండి, రోజువారీ పని ఆగిపోతుంది.

అపోహ: టర్మ్ షీట్ మీద సంతకం పడితే పైసలు వచ్చినట్టే.

గోప్యత, ఎక్స్‌క్లూజివిటీ (ఆ గడువులో వేరే ఫండ్‌తో మాట్లాడకూడదన్న షరతు) లాంటి ఒకటి రెండు క్లాజులు తప్ప టర్మ్ షీట్ ఎవరినీ కట్టేయదు. ఎక్స్‌క్లూజివిటీ 45, 60 రోజులు ఉంటుంది. ఆలోపు డ్యూ డిలిజెన్స్ (కంపెనీ లెక్కలు, కాగితాల తనిఖీ), షేర్‌హోల్డర్ల ఒప్పందం, ముందస్తు షరతులు తీరాలి. ఇవి ఎక్కడ ఆగుతాయంటే: యాప్ రాసిన ఫ్రీలాన్సర్ కోడ్ హక్కులు కంపెనీకి రాసివ్వలేదు. డొమైన్ బావమరిది పేర ఉంది. బిల్లులు ఇంకా పాత ప్రొప్రైటర్‌షిప్ పేర పోతున్నాయి. ‘నీకు ఐదు శాతం’ అని మొదట్లో నోటిమాటగా చెప్పిన పెద్దమనిషి ఇప్పుడు ఫోన్ చేస్తున్నాడు. ఎల్ఎల్‌పీ అయితే షేర్లే ఉండవు, ముందు ప్రైవేట్ లిమిటెడ్‌గా మారాలి.

సొమ్ము పడ్డాకా నియమాలున్నాయి. ప్రైవేట్ ప్లేస్‌మెంట్ (ఎంచుకున్న కొద్దిమందికే షేర్లు అమ్మడం) పైసలు విడి బ్యాంకు ఖాతాలోకి రావాలి. అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. లేకపోతే ఆ తర్వాతి 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, అదీ చేయకపోతే ఏడాదికి 12% వడ్డీ. కేటాయించిన 15 రోజుల్లో ఆ వివరాలు చెప్పే పాస్-3 ఫారం వేయాలి. అది వేసేదాకా ఆ పైసలు ముట్టుకోకూడదు. ఖాతాలో కోటిన్నర కనబడగానే జీతాలు వేసేసి, తర్వాత సీఏకు ఫోన్ చేసే పొరపాటు అరుదేం కాదు.

చుట్టాల సొమ్ముకూ ఇదే వరస. బాబాయి 5 లక్షలిస్తే కన్వర్టిబుల్ నోటు (తర్వాత షేర్లుగా మారే అప్పు కాగితం) రాయడం కుదరదు, దానికి ఒక మనిషి ఒకే విడతలో కనీసం 25 లక్షలు పెట్టాలి. ఆయనకు షేర్లే కేటాయించాలి.

అపోహ: స్టార్టప్‌లకు కేంద్ర ప్రభుత్వ విభాగం డీపీఐఐటీ ఇచ్చే గుర్తింపు ఉంటే ప్రభుత్వ ఫండ్ నేరుగా వస్తుంది.

2016లో పెట్టిన 10,000 కోట్ల ఫండ్ ఆఫ్ ఫండ్స్‌ను చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ నడుపుతుంది. ఆ సొమ్ము పోయేది ఏఐఎఫ్‌లకు, స్టార్టప్‌కు నేరుగా రాదు. 2021 నాటి సీడ్ ఫండ్ పథకమూ ఇన్‌క్యుబేటర్ల (కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే సంస్థలు) ద్వారానే నడిచేలా పెట్టినది: ప్రోటోటైప్ దశకు 20 లక్షల దాకా గ్రాంటు, మార్కెట్‌లోకి పోవడానికి 50 లక్షల దాకా అప్పు లేదా కన్వర్టిబుల్ రూపంలో. ఏంజెల్ ట్యాక్స్ (సరసమైన విలువ కంటే ఎక్కువ ధరకు షేర్లు అమ్మితే ఆ ఎక్కువ సొమ్ము మీద పడే పన్ను) భయం మాత్రం ఇక అక్కర్లేదు. 2024 బడ్జెట్‌లో ఎత్తేశారు, 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి వర్తించదు. సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో చూపించే బాధ్యత అలాగే ఉంది.

అపోహ: ‘చూద్దాం, టచ్‌లో ఉండండి’ అంటే దాదాపు ఒప్పుకున్నట్టే.

మా వృత్తిలో ‘వద్దు’ అని మొహం మీద చెప్పే అలవాటు తక్కువ. అది మా లోపమే. నిజంగా ఆసక్తి ఉంటే రెండు వారాల్లో మూడు పనులు జరుగుతాయి: మీ కస్టమర్ల ఫోన్ నంబర్లు అడుగుతారు, నెలవారీ షీటు అడుగుతారు, రెండో పార్ట్‌నర్‌ను కలవమంటారు. ఈ మూడింట్లో ఒక్కటీ జరగకపోతే వేరే ఫండ్ చూసుకోండి.

మీరూ ఒక ప్రశ్న అడగండి: ‘మీ ఫండ్ ఎన్నో ఏడులో ఉంది, మొదటి చెక్కులు ఇంకెన్ని మిగిలాయి?’ ఐదో ఏడు నడుస్తున్న ఫండ్ దగ్గర మిగిలింది సాధారణంగా పాత కంపెనీల రెండో రౌండ్ సొమ్మే. మిమ్మల్ని ఎంత మెచ్చుకున్నా అక్కడ మీకు రాయడానికి చెక్కు ఉండదు.