641 చేతిలో చిక్కిన 429 కోట్లు

పది అంకెల సంఖ్య ఇస్తే, అది ప్రధాన సంఖ్యో కాదో కంప్యూటర్ లేకుండా ఎలా తేలుస్తారని ఒక పాఠకుడు అడిగారు. ఇందుకు నాకు తెగ నచ్చే సంఖ్య ఒకటుంది: 4294967297, అంటే 2³² + 1.

2కు ఘాతంగా 1, 2, 4, 8, 16 వేసి ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆ వరసలో తర్వాతది మన సంఖ్య. వరసలో ఉన్నవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ ఆ నమ్మకాన్ని చెడగొట్టాడు: ఈ సంఖ్య 641 × 6700417.

అసలు 641 మీదికి చెయ్యి ఎలా వెళ్ళింది? బడిలో నేర్పే పద్ధతిలో అయితే వర్గమూలం వరకూ, అంటే 65536 దాకా, ఉన్న 6542 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాలి. ఎవరికైనా విసుగే.

2 ఘాతాలను 7తో భాగిస్తూ పోండి. శేషాలు 2, 4, 1, 2, 4, 1... అని తిరుగుతాయి. చుట్టు పొడవు 3. అది 7 కన్నా ఒకటి తక్కువైన 6ను భాగిస్తుంది. ఏ బేసి ప్రధాన సంఖ్యకైనా ఇంతే. ఇప్పుడు మన సంఖ్యను ఒక ప్రధాన సంఖ్య భాగించిందనుకోండి. అప్పుడు 2³² దగ్గర శేషం −1 (పూర్తిగా భాగం పోవడానికి ఒకటి తక్కువ అని అర్థం), వర్గం చేస్తే 2⁶⁴ దగ్గర 1. కాబట్టి చుట్టు పొడవు 64ను భాగించాలి, 32ను భాగించకూడదు. అలాంటిది 64 ఒక్కటే! అంటే మనం వెతికే కారణాంకం 64 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేదై ఉండాలి. 65, 129, 193... ఇలా వెళ్తే తగిలే ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. 6542 కాస్తా అయిదుకు దిగింది.

సరిచూడటానికి పెద్ద భాగహారం కూడా అక్కర్లేదు. 2¹⁶ అంటే 65536. 641తో భాగిస్తే శేషం 154. 154 వర్గం 23716. 641 × 37 = 23717. ఒకటి తక్కువ, అంటే 2³² దగ్గర శేషం −1. అయిపోయింది.

ఇంకా ముచ్చటైన దారి ఉంది. 641 = 5 × 2⁷ + 1, కనుక 5 × 2⁷ శేషం −1. నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸ శేషం 1. కానీ 641 = 5⁴ + 2⁴ కూడా! కాబట్టి 5⁴ బదులు −2⁴ పెట్టొచ్చు. −2³² శేషం 1 అని వస్తుంది, అంటే 2³² శేషం −1.

అంకెలు కూడి జాతకం చెప్పేవాళ్ళు 4294967297ను 59, 14, 5 అని కుదిస్తారు. 9తో భాగిస్తే 5 మిగులుతుందన్న సంగతి తప్ప ఆ కూడికలో ఇంకేం లేదు.

నాకు వింతగా తోచేది ఫెర్మా సంగతి. చుట్టు పొడవు సూత్రం ఆయనదే. దానితోనే 2³⁷ − 1కు 223 అనే కారణాంకాన్ని పట్టుకున్నాడు. ఇక్కడ అయిదు భాగహారాలు చేసి ఉంటే చాలు.

65537 తర్వాత ఈ వరసలో ఇంతవరకూ ఒక్క ప్రధాన సంఖ్యా దొరకలేదు. ఘాతం 2³² వరకూ ఉన్నవన్నీ విడిపోయేవేనని తేలింది. ఘాతం 2³³ ఉన్నదాని సంగతి ఇంకా తేలలేదు. దానిలో దాదాపు 258 కోట్ల అంకెలు ఉంటాయి. పై వాదన ప్రకారం దాని ప్రధాన కారణాంకం 2³⁴ గుణిజానికి ఒకటి కలిపినదై ఉండాలి; వాదనను ఇంకాస్త బిగిస్తే 2³⁵ గుణిజానికి ఒకటి కలిపినదై ఉండాలి. ఆ లెక్కన జాబితాలో మొట్టమొదట వచ్చే సంఖ్యే 34359738369. అది 3తో భాగం పోతుంది కాబట్టి, ముందుకు సాగాల్సిందే.