మెంటార్ ఉన్నారు, సంతకమూ ఉంది: కాలేజీల్లో విద్యార్థికి తోడు ఎందుకు దొరకడం లేదు?

ఇంజినీరింగ్ కాలేజీలో చేరగానే ప్రతి విద్యార్థికీ ఒక మెంటార్‌ను, అంటే బాగోగులు చూసే అధ్యాపకుణ్ని, కేటాయిస్తారు. చాలా చోట్ల మెంటారింగ్ అంటే ఒక రిజిస్టరే. అందులో హాజరు శాతం, మిడ్ మార్కులు, బ్యాక్‌లాగ్స్, ఇంటికి ఫోన్ చేశారా లేదా అన్న గడులు, చివర విద్యార్థి సంతకం. కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ సంస్థ తనిఖీకి ముందు ఖాళీ పేజీలన్నీ ఒక్కసారే నిండిపోతాయి.

దీని వెనక చాలా పాత కథ ఉంది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలను లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పెట్టారు. కాలేజీలకు గుర్తింపు ఇవ్వడం, పరీక్షలు పెట్టడం, పట్టాలివ్వడం వాటి పని. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో కొద్దిమంది విద్యార్థుల బాగోగులు ఒక ట్యూటర్ చూసుకునే పద్ధతి ఇక్కడ వేళ్లూనుకోలేదు. ఇలా కొద్దిమందికి విడిగా చెప్పే ట్యుటోరియల్ బోధనను పెంచాలని 1948-49 నాటి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ (రాధాకృష్ణన్ కమిషన్) చెప్పినా, చాలా కాలేజీల్లో అది టైమ్ టేబుల్‌లో ఒక పీరియడ్‌గానే మిగిలింది.

ఈలోగా తరగతి గదిలో కూర్చునే పిల్లలు మారిపోయారు. కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ 2006లో చట్టం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల కూలి పనులకు వెళ్లే ఇళ్ల నుంచి కూడా పిల్లలు ఇంజినీరింగ్‌కు వచ్చారు. పల్లెల్లో పదో తరగతి బాగా చదివిన పిల్లల కోసం 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు మొదలయ్యాయి. ఇంట్లో తొలిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు, తెలుగు మీడియంలో చదివినవాళ్లు వేల సంఖ్యలో వచ్చారు. మెకానిక్స్ లెక్క వచ్చినా, ఇంగ్లీషులో డౌట్ అడగాలంటే టెన్షన్ పడి వెనక బెంచీలో నోరు మెదపకుండా ఉండిపోయే పిల్లలు వీళ్లు. క్రెడిట్లంటే ఏమిటో, స్కాలర్‌షిప్ ఎందుకు ఆగిందో ఎవరిని అడగాలో ఇంట్లో చెప్పేవాళ్లు ఉండరు.

వ్యవస్థ మాత్రం వీళ్లను 'వీక్ స్టూడెంట్స్' అని పక్కకు తీసి, వెనకబడిన పాఠాలు మళ్లీ చెప్పే రెమెడియల్ క్లాసులు పెట్టింది. నా దృష్టిలో అసలు పొరపాటు ఇదే. లోపమంతా పిల్లాడిలోనే ఉందనుకుంటే అధ్యాపకుడి తీరు గురించి ఎవరూ అడగరు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్య విద్యాసంస్థలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులపై వివక్ష గురించి విచారించిన థోరట్ కమిటీ 2007లో ఆ ప్రశ్న అడిగింది. అధ్యాపకుల నుంచి తగిన మద్దతు అందడం లేదని అక్కడి ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో 69 శాతం మంది చెప్పారు. విద్యాసంస్థల్లో సమాన అవకాశాల కోసం విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2012లో నిబంధనలు తెచ్చింది. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య ఆ నిబంధనలు ఎంతవరకు అమలవుతున్నాయని దేశమంతా అడిగేలా చేసింది. విద్యార్థుల ఆత్మహత్యలను ఎలా ఆపాలో చెప్పడానికి 2025 మార్చిలో సుప్రీంకోర్టు తన మాజీ న్యాయమూర్తి జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను నియమించింది.

హాజరు తగ్గితే ఇంటికి ఫోన్ చేసేదీ, కష్టం వస్తే చెప్పుకోవాల్సిందీ ఒకే మెంటార్ అయినప్పుడు ఏ విద్యార్థీ నోరు విప్పడు. ఈ రెండు పనులనూ విడదీయాలి. మెంటార్‌కు వారంలో ఒక గంటైనా ఇందుకోసమే కేటాయించి, దాన్ని పనిభారంలో లెక్కగట్టాలి. మొదటి ఏడాది పిల్లలకు తెలుగులో మాట్లాడే వీలుండాలి. అన్నిటికంటే ముందు అధ్యాపకుల ఖాళీలు నింపాలి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలా విభాగాలు గెస్ట్ లెక్చరర్ల మీదే నడుస్తున్నాయి. వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషిని నాలుగేళ్లు ఒక విద్యార్థికి తోడుండమని ఎలా అడుగుతాం?