తాతమ్మ తలంటు

ఒరేయ్ చిన్నోడా, బుజ్జితల్లీ,

మొన్న వీడియో కాల్‌లో అడిగారు కదా, తాతమ్మ మిమ్మల్ని ముద్దు చేసేదా తాతయ్యా అని. అప్పుడు నవ్వేసి ఊరుకున్నా, ఆవిడ ముద్దు మీకు తెలిసిన టైపు కాదు మరి, కాస్త వివరంగా రాస్తే గానీ అర్థం కాదు.

మాది తెనాలి పక్క పల్లెటూరు, నేను చెప్పేది 1960ల నాటి సంగతి. ఉమ్మడి కుటుంబం, ఇంటినిండా పిల్లలం. అత్తగారి ముందు సొంత పిల్లల్ని ఒళ్ళో వేసుకుని ముద్దులాడితే ఏమన్నా అనుకుంటారని మా అమ్మకి మొహమాటం. అదంతా ఆదివారం తలంటులో తీర్చుకునేది.

పొద్దున్నే పెరట్లో పొయ్యి మీద కాగు ఎక్కేది, కింద కొబ్బరి మట్టలు. కుంకుడుకాయలు రాయితో చితక్కొట్టి గింజలు తీసేసి (ఆ నల్ల గింజలే మాకు గోళీలు) వేణ్ణీళ్లలో నానేసేది. షాంపూ లాగా మూత తీసి పోసుకునేది కాదమ్మా, కాయ తొక్కలో సపోనిన్ అని ఉంటుంది, చేత్తో పిసగ్గా పిసగ్గా అది నీళ్లలోకి దిగి నురగొస్తుంది, అంతమందికి సరిపడా పిసకాలంటే చేతులు పడిపోతాయి. ఈలోగా మా నెత్తిన నువ్వుల నూనె దబదబా తట్టి, సున్నిపిండి పెట్టి నలిచేది, మట్టంతా ఉండలుండలుగా రాలేది, మేం కెవ్వుమని కేకలు, ఆవిడ మాత్రం కదిలితే వీపు పగుల్తుందంటూ ఇంకా గట్టిగా రుద్దేది.

కళ్లు మూసుకోరా అంటూనే కుంకుడు రసం పోసేసేది. కంట్లో ఒక్క చుక్క పడిందా ఇక చూస్కోండి! అందుకని ముందే నోట్లో ఉప్పుకల్లు పెట్టేది, చప్పరిస్తే మంట తగ్గుతుందని. నన్నడిగితే అది మా నోరు మూయించడానికే.

ఆఖరి చెంబు నీళ్లు మాత్రం మెల్లగా తల చుట్టూ తిప్పి పోసేది, శ్రీరామరక్ష నూరేళ్లాయుష్షు అంటూ. మూతి మీద మీసం మొలుస్తున్న మా అన్నయ్యకి కూడా అంతే, వాడు సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఆ తర్వాత చెల్లెళ్ల జుట్టుకి సాంబ్రాణి పొగ, మాకేమో ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, తిన్నచోటే నిద్ర.

ఒకసారి నిద్ర పట్టక పెరట్లోకొస్తే అమ్మ పోసుకుంటోంది. మేం వాడేశాక మిగిలిన కుంకుడు పిప్పిలోనే చెంబుడు నీళ్లు పోసి మళ్లీ పిసుకుతోంది, రెండోసారికి నురగేం వస్తుంది చెప్పండి. కొత్తకాయలు కొట్టుకోవచ్చుగా అంటే, నాకున్న జుట్టెంతలేరా అంది. నడుం దాటి ఉండేది ఆవిడ జుట్టు.

సంక్రాంతి సెలవులకి రండి, కుంకుళ్లు తెప్పించి ఉంచుతా, భోగినాడు తలంటు నేనే పోస్తా. మీ అమ్మకి చెప్పండి, షాంపూ సీసా తెచ్చారో బయట పారేస్తానని.

ఉంటా మరి,
మీ తాతయ్య