సైలెన్సర్‌లో మేడారం లైను

"మామా, సైలెన్సర్ మార్పించినంక సౌండ్ మస్తుంది గానీ బండి గుంజుతలేదు" అన్నాడు మా అక్క కొడుకు. కొత్త 350 సీసీ బుల్లెట్. మా వరంగల్‌లో ఫాతిమానగర్ బ్రిడ్జి మునుపు నాలుగో గేరులోనే ఎక్కేదట, ఇప్పుడు మూడుకి దించాల్సి వస్తోందట, అదే ములుగు రోడ్డు ఖాళీగా దొరికి గట్టిగా లాగితే మాత్రం పైన ఎక్కడో కాస్త ఊపు తెలుస్తుందట. మెకానిక్‌ని అడిగితే "బ్యాక్ ప్రెషర్ పోయింది" అన్నాడట.

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కొత్త బండితో భద్రకాళి గుడి దగ్గర నిమ్మకాయ తొక్కిస్తాం, దానివల్ల పోయేదేమీ లేదు, నిమ్మకాయ తప్ప. పొగ దారిలో కాస్త అడ్డు, అంటే బ్యాక్ ప్రెషర్, ఉంటేనే బండి గుంజుతుందనే నమ్మకం అలా కాదు, దాన్ని నమ్మి పైపు చివర రేకు ముక్క వెల్డింగ్ చేయించుకున్నవాళ్లను చూశాను. పొగ పోయే దారికి అడ్డం పెడితే ఏ ఇంజనూ బాగుపడదు. మావాడి బండికి పోయింది అడ్డు కాదు, టైమింగ్.

నాలుగు స్ట్రోకుల సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. 349 సీసీ ఇంజన్, 6100 ఆర్‌పీఎం (నిమిషానికి 6100 చుట్లు) దగ్గర 20.2 బీహెచ్‌పీ. రెండు చుట్లకోసారి గాలి పీలుస్తుంది కాబట్టి ఆ వేగంలో నిమిషానికి వెయ్యి లీటర్ల పైమాటే, మేడ మీది ట్యాంకంత గాలి. పవర్ పెంచడమంటే ఇందులో ఇంకాస్త ఇరికించడమే. పిస్టన్ పైకొచ్చి పాత పొగను తోసేసే చివరి క్షణంలో గాలి లోపలికొచ్చే వాల్వూ, పొగ బయటికిపోయే ఎగ్జాస్ట్ వాల్వూ రెండూ కాసేపు తెరిచే ఉంటాయి. సరిగ్గా అప్పుడు పైపు వైపు నుంచి ఎవరైనా పీల్చిపెడితే మూలల్లో మిగిలిన పొగ కూడా పోయి కొత్త గాలి లోపలికి జారుతుంది. ఆ పీల్చే పని చేసేది పైపే.

ఎలాగంటే, మేడారంలో గద్దెల దగ్గర లైన్లో నిలబడ్డవాళ్లకు ఇది బాగా తెలుసు. నెత్తిన బెల్లం దిమ్మ, ముందు వెనకా జనం. వెనక నుంచి ఒక తోపు వస్తుంది. మనుషులు దాదాపు ఉన్నచోటే ఉంటారు, తోపు మాత్రం ఒక భుజం నుంచి ఇంకో భుజానికి ముందుకు పోతుంది. అది మొదటివాడిని చేరేసరికి గేటు మూసి ఉంటే అతను గేటుకు కొట్టుకుని వెనక్కి ఒత్తుతాడు, తోపు తోపుగానే తిరిగొస్తుంది. గేటు తెరిచి ఉంటే? ఆపేవాళ్లు లేరు, తూలి నాలుగడుగులు ముందుకు పడతాడు. అతని వెనక ఖాళీ. ఆ ఖాళీలోకి వెనకాయన, ఆయన ఖాళీలోకి ఇంకొకాయన. అంటే పోయింది తోపు, తిరిగొచ్చింది ఖాళీ!

ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే పైపులోకి పోయేది ఆ తోపు. తెరిచి ఉన్న చివరిదాకా పోయి ఖాళీగా, అంటే తక్కువ పీడనంగా వెనక్కొస్తుంది. ఇంటర్ సెకండియర్‌లో ఆర్గన్ పైపుల ప్రశ్న, గొట్టంలో ధ్వని అలలు ఎలా తిరిగొస్తాయన్నది, ఇదే. పాతికేళ్లుగా చెబుతున్నాను, పిల్లలు బొమ్మతో సహా బట్టీపట్టి ఎనిమిది మార్కులూ తెచ్చుకుంటారు, బయటికెళ్లి ఆర్గన్ పైపు మీదే కూర్చుని కిక్ కొడతారు, ఒక్కడికీ అనుమానం రాదు.

మా అక్క టైలరింగ్ టేపు తెచ్చి, బండి చల్లారాక, హెడ్ దగ్గర్నుంచి బెండ్ పైప్ వంపు వెంబడి కొత్త సైలెన్సర్ చివరిదాకా కొలిచాం. 1.4 మీటర్లు. లోపల గదులు లేవు, జల్లెడ రేకు లేదు, తిన్నగా గొట్టమే. వేడి పొగలో ధ్వని మామూలు గాలిలోకన్నా చాలా వేగంగా పోతుంది, సెకనుకు సుమారు 550 మీటర్లు అనుకుందాం. పోయి రావడం 2.8 మీటర్లు, అంటే 5 మిల్లీ సెకన్లు. 6000 ఆర్‌పీఎంలో ఇంజన్ అర చుట్టు తిరగడానికి పట్టేదీ 5 మిల్లీ సెకన్లే. పిస్టన్ కింద ఉండగా బయల్దేరిన తోపు, పిస్టన్ పైకొచ్చి రెండు వాల్వులూ తెరిచి ఉన్న వేళకు ఖాళీగా తిరిగొచ్చింది. ములుగు రోడ్డు మీది ఊపు అదే. వాల్వ్ కాస్త ముందే తెరుచుకుంటుంది, పైపు పొడుగునా పొగ చల్లబడుతుంది కాబట్టి లెక్క అటూ ఇటూ అవుతుంది, కానీ సంగతి మారదు.

ఇప్పుడు బ్రిడ్జి ఎక్కుదాం. 3000 ఆర్‌పీఎం, అర చుట్టుకు 10 మిల్లీ సెకన్లు. ఖాళీ సగం సమయానికే వచ్చేసింది, ఇంజన్ వైపు కొట్టుకుని ఖాళీగానే మళ్లీ చివరికి పోయింది. ఇక్కడ మేడారాన్ని కొంచెం సాగదీయాలి. గేటు దగ్గర ఖాళీ చూసి, దర్శనమై బయటికొచ్చినవాళ్లు మళ్లీ లోపలికి దూరారనుకోండి, ఈసారి వెనక్కి వచ్చేది తోపు. సరిగ్గా 10 మిల్లీ సెకన్లకు అది వాల్వ్ దగ్గరికొచ్చి, పోవాల్సిన పొగను సిలిండర్‌లోకే నెడుతుంది. బండి గుంజుతలేదంటే గుంజదు మరి. కంపెనీ సైలెన్సర్‌లో గదులూ చిల్లుల గొట్టాలూ ఈ తోపును ముక్కలు చేసి ఒక్కో ముక్కను ఒక్కో వేళకు పంపిస్తాయి, ఎక్కడా పెద్ద లాభం లేదు, పెద్ద దెబ్బా లేదు.

ఇదే విద్యలో ఆరితేరినవాడు తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. 1961లో 125 సీసీ టూ స్ట్రోక్ నుంచి 25 హార్స్‌పవర్ తీశాడు. ఆ ఏడాదే ఆయన రేసు రైడర్ ఎర్నస్ట్ డెగ్నర్ దేశం దాటి సుజుకీలో చేరాడు, మరుసటి ఏడు 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీది. మన యమహా ఆర్‌ఎక్స్ 100 సైలెన్సర్ పొట్టలో ఉన్నదీ ఆ సూత్రమే. గొట్టం వెడల్పయ్యే చోట ఖాళీ తిరిగొస్తుంది, సన్నబడే చోట తోపు తిరిగొచ్చి, జారిపోయిన పెట్రోల్ గాలిని సిలిండర్‌లోకి నెట్టేస్తుంది. ఆ పొట్ట కోసి తిన్నటి గొట్టం పెట్టినవాడిని ఏమనాలో మీరే చెప్పండి.

సైలెన్సర్ ఒక్కటే మార్చి వదిలేస్తే ఇంకో తిప్పలు. గాలి పెరిగి పెట్రోల్ పెరగకపోతే మిశ్రమం పలచబడుతుంది, ప్లగ్ తెల్లబడుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఫట్ ఫట్‌మంటుంది. దాన్ని పవర్ అనుకుని మురిసిపోయేవాళ్లున్నారు. పైగా 175 సీసీ దాటిన బండికి శబ్దం పరిమితి 80 డెసిబెల్స్. దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద జరిమానా 10,000 రూపాయల దాకా పోవచ్చు.

అంతా విని మావాడు "మరి పొడుగు మారే పైపు పెట్టొచ్చు కదా మామా" అన్నాడు. మంచి ప్రశ్న. 1980ల చివర్లో యమహా దీనికి సులువైన ఉపాయం కనిపెట్టింది, ఎక్సప్ వాల్వ్. పొడుగు మార్చకుండా, తక్కువ ఆర్‌పీఎంలో పైపు చివర ఒక కవాటాన్ని సగం మూస్తుంది. గేటు పూర్తిగా తెరిస్తే ఖాళీ వస్తుంది, పూర్తిగా మూస్తే తోపు వస్తుంది, సగం మూస్తే రెండూ ఒకదాన్నొకటి తినేసి వెనక్కి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు.

పాత సైలెన్సర్ గోనెసంచిలో చుట్టి అటక మీదే ఉందట. దింపుతాడట, ఆదివారం.