పదిహేడు మ్యాచ్‌ల పట్టిక జనవరిలో ఏం చెబుతుంది? ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్ అంచనాల నేపథ్యం

2024 నవంబర్ 10న కాన్సస్ సిటీలోని ఆరోహెడ్ స్టేడియంలో, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, ఆట ముగియడానికి కొన్ని క్షణాలే మిగిలాయి. స్థానిక జట్టు చీఫ్స్ 16, డెన్వర్ బ్రాంకోస్ 14. బ్రాంకోస్ కిక్కర్ విల్ లుట్జ్ 35 గజాల దూరం నుంచి బంతిని గోల్ స్తంభాల మధ్యకు పంపితే మూడు పాయింట్లు వస్తాయి, ఆట వాళ్లదవుతుంది. ఈ స్థాయి కిక్కర్లకు అది పెద్ద దూరం కాదు. కానీ లుట్జ్ కాలు బంతిని తాకిన మరుక్షణం చీఫ్స్ ఆటగాడు లియో షెనాల్ ముందున్న వరుసను చీల్చుకుని వచ్చి చేయి అడ్డం పెట్టాడు. బంతి అక్కడే పడిపోయింది. గెలుపోటముల పట్టికలో చీఫ్స్ పేరు పక్కన మరో గెలుపు చేరింది. చేయి అందిందా లేదా అన్న సంగతి మాత్రం పట్టికలో ఎక్కడా కనిపించదు.

ఆ సీజన్‌ను చీఫ్స్ 15 గెలుపులు, 2 ఓటములతో ముగించింది. అయితే 17 మ్యాచ్‌లలో కలిపి ఆ జట్టు సాధించిన పాయింట్లు 385, ఇచ్చినవి 326. అంటే తేడా 59 మాత్రమే. అవే 15 గెలుపులు సాధించిన డెట్రాయిట్ లయన్స్‌కు ఆ తేడా 222. జనవరిలో ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాతి నాకౌట్ పోటీలు) మొదలయ్యే ముందు అంచనా వేసేవారందరి ముందూ నిలిచిన ప్రశ్న ఇదే: నమ్మవలసింది గెలుపుల సంఖ్యనా, పాయింట్ల తేడానా? ఈ ప్రశ్నకు తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రను తెలుసుకోకుండా నేటి శాతాలనూ సంభావ్యతలనూ చదివితే వాటిని జోస్యాలుగా పొరబడే ప్రమాదం ఉందని నా అభిప్రాయం.

మొదట్లో ప్లేఆఫ్స్ అన్న మాటే లేదు. సీజన్ చివర పట్టికలో పైన ఉన్న జట్టే విజేత. 1932లో షికాగో బేర్స్ 6 గెలుపులు, 1 ఓటమి, 6 టైలతోనూ, పోర్ట్స్‌మత్ స్పార్టన్స్ 6 గెలుపులు, 1 ఓటమి, 4 టైలతోనూ ముగించాయి. అప్పటి నిబంధనల ప్రకారం టై అయిన మ్యాచ్‌లను లెక్కలోకి తీసుకోరు కాబట్టి రెండూ సమానమే. తేల్చుకోవడానికి డిసెంబర్ 18న అదనంగా ఒక మ్యాచ్ పెట్టారు. బయట గడ్డకట్టే చలి, మంచు ఉండటంతో ఆటను షికాగో స్టేడియం కప్పు కిందకు మార్చారు. 100 గజాల మైదానానికి అక్కడ చోటు లేదు, 80 గజాలతోనే సరిపెట్టుకున్నారు. బేర్స్ 9-0తో గెలిచింది. ఆ ఏడాది గ్రీన్ బే ప్యాకర్స్ 10 మ్యాచ్‌లు గెలిచి, 3 ఓడి, ఒకటి టై చేసుకుంది. టైని సగం గెలుపుగా లెక్కించే పద్ధతి 1972లో వచ్చింది, దాని ప్రకారం చూస్తే ఆ ఏడాది ప్యాకర్స్‌దే మొదటి స్థానం. పట్టిక కూడా ఒక నిబంధన సృష్టే అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. ఆ మ్యాచ్‌కు వచ్చిన ఆదరణ చూసి 1933లో లీగ్‌ను రెండు విభాగాలు చేసి, వాటి విజేతల మధ్య ఏటా తుది పోరు పెట్టడం మొదలుపెట్టారు.

అంచనాలకు అసలు చిక్కు అక్కడే పుట్టింది. సీజన్ అంతా ఆడి కూడబెట్టుకున్నదంతా ఒక్క మ్యాచ్‌తో తేలిపోతుంది. మన ఐపీఎల్‌లో పట్టికలో మొదటి రెండు జట్లకు ఒక ఓటమిని తట్టుకునే వీలుంది. 2024లో సన్‌రైజర్స్ హైదరాబాద్ మొదటి క్వాలిఫయర్‌లో ఓడినా రెండో దానిలో గెలిచి ఫైనల్ చేరింది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలాంటి వెసులుబాటు ఎవరికీ లేదు. ఓడితే ఇంటికే.

పైగా ఎవరు లోపలికి వస్తారు, ఎవరు ఎక్కడ ఆడతారు అన్నది కూడా చాలాకాలం ఆట బలంతో తేలలేదు. 1967లో బాల్టిమోర్ కోల్ట్స్ సీజన్ మొత్తంలో ఒకే ఒక్క మ్యాచ్ ఓడింది, అదీ చివరి రోజున లాస్ ఏంజెలిస్ రామ్స్ చేతిలో. ఇద్దరికీ 11 గెలుపులు, 1 ఓటమి, 2 టైలు. ఆ రెండు జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌లలో రామ్స్‌దే పైచేయి కాబట్టి కోల్ట్స్ ప్లేఆఫ్స్‌కే రాలేదు. 1972లో మయామీ డాల్ఫిన్స్ 14కు 14 గెలిచి కూడా కాన్ఫరెన్స్ (లీగ్‌లోని రెండు సగాల్లో ఒకటి) ఫైనల్ ఆడటానికి పిట్స్‌బర్గ్ వెళ్లాల్సి వచ్చింది, ఎందుకంటే సొంత మైదానం అవకాశం అప్పట్లో వంతుల ప్రకారం తిరిగేది. డాల్ఫిన్స్ అక్కడా గెలిచి, ఆ తర్వాత సూపర్‌బౌల్ అనే తుది పోరునూ గెలిచి ఓటమి లేకుండా ముగించింది గానీ, ఆ పద్ధతిలోని అన్యాయం అందరికీ అర్థమైంది. 1975 నుంచి మంచి రికార్డు ఉన్న జట్టుకు సొంత మైదానం ఇవ్వడం మొదలైంది. రెగ్యులర్ సీజన్ ఫలితాలు ప్లేఆఫ్ అవకాశాలను నేరుగా మార్చడం, అంటే సీడింగ్‌కు (ప్లేఆఫ్స్‌లో జట్లకిచ్చే ర్యాంకుకు) ఇప్పుడున్న విలువ రావడం, అప్పటి నుంచే.

జట్ల సంఖ్య కూడా పెరుగుతూ వచ్చింది. 1970లో 8 జట్లు, 1978లో 10, 1990లో 12, 2020 సీజన్ నుంచి 14. ఈ చివరి మార్పుతో ఒక్కో కాన్ఫరెన్స్‌లో మొదటి సీడ్‌కు మాత్రమే తొలి రౌండ్ ఆడనవసరం లేని సౌకర్యం మిగిలింది. అంతకుముందు అది ఇద్దరికి ఉండేది.

ఇక అంచనాల సంగతి. వాటికి మొదటి పనిముట్టు తయారుచేసింది పందెం లోకమే. ఎవరు గెలుస్తారన్న దానికి బదులు ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తారని పందెం కట్టించే పద్ధతిని, అంటే పాయింట్ స్ప్రెడ్‌ను, 1940లలో షికాగోకు చెందిన చార్లెస్ మెక్‌నీల్ ప్రవేశపెట్టాడని ఎక్కువమంది చెబుతారు. ఆయన మొదట లెక్కల మాస్టారు. వేలమంది డబ్బు పెట్టి చెప్పే అభిప్రాయం ఒక అంకెగా కుదురుకోవడంతో, పట్టికకు పోటీగా రెండో కొలమానం దొరికింది. అమెరికాలో 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో చాలా రాష్ట్రాల్లో ఈ పందేలు చట్టబద్ధమయ్యాయి. మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. ఇక్కడ స్ప్రెడ్ ప్రస్తావన దాన్ని ఒక కొలతగా చూడటం వరకే.

ఆ కొలత ఘోరంగా తప్పిన సందర్భాలలో మొదటిది మూడో సూపర్‌బౌల్. 1969 జనవరి 12న బాల్టిమోర్ కోల్ట్స్ దాదాపు 18 పాయింట్ల తేడాతో గెలుస్తుందని మార్కెట్ చెప్పింది. గెలిచింది న్యూయార్క్ జెట్స్, 16-7తో. ముందే గెలుపు ఖాయమని చెప్పిన జెట్స్ క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) జో నేమత్ ధైర్యం గురించి నేటికీ చెప్పుకుంటారు. నాకు మాత్రం అక్కడ గమనించవలసింది ఇంకొకటి ఉందనిపిస్తుంది. ఆ రెండు జట్లూ అప్పటికి వేర్వేరు లీగ్‌లవి, సీజన్‌లో ఒక లీగ్ జట్లు మరో లీగ్ జట్లతో ఆడేవి కావు. కోల్ట్స్ 13 గెలుపులు ఎవరిమీద సాధించినవో తెలుసు గానీ, ఆ ప్రత్యర్థులను జెట్స్ ప్రత్యర్థులతో పోల్చడానికి ఉమ్మడి గీటురాయి లేదు. ప్రత్యర్థి బలం లెక్కకట్టని రికార్డు సగం సమాచారమే.

ఆ లోటు తీర్చే ప్రయత్నం చేసినవాళ్లలో ఒకరు స్వయంగా ఆటగాడు కావడం నాకు చాలా ఇష్టమైన విషయం. సిన్సినాటి బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ వర్జిల్ కార్టర్, ప్రొఫెసర్ రాబర్ట్ మేకోల్‌తో కలిసి 1971లో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. మైదానంలో బంతి ఎక్కడ ఉంటే సగటున ఎన్ని పాయింట్లు వచ్చే అవకాశం ఉందో మ్యాచ్‌లలోని వేల ప్లేల (బంతితో చేసే ఒక్కో ప్రయత్నం) నుంచి అందులో లెక్కగట్టారు. స్కోరుకు ముందే ఆటలో ఎవరిది పైచేయో కొలవవచ్చన్న ఆలోచన అలా కాగితం మీదకు వచ్చింది. 2003లో ఆరోన్ షాట్జ్ మొదలుపెట్టిన ఫుట్‌బాల్ అవుట్‌సైడర్స్ ప్రతి ప్లేనూ ప్రత్యర్థి బలంతో సరిచూసి కొలిచే పద్ధతిని అభిమానులకు అలవాటు చేసింది.

1991లో గణాంక శాస్త్రజ్ఞుడు హాల్ స్టెర్న్ వేసిన లెక్క మరీ సూటిగా ఉంటుంది. స్ప్రెడ్ చెప్పిన తేడాకూ నిజంగా వచ్చిన తేడాకూ మధ్య దూరం సున్నా చుట్టూ గంట ఆకారంలో పరుచుకుంటుందనీ, దాని ప్రామాణిక విచలనం 14 పాయింట్లకు కాస్త తక్కువనీ ఆయన చూపించాడు. మామూలు మాటల్లో చెప్పాలంటే, మూడు పాయింట్ల మొగ్గు ఉన్న జట్టు గెలిచే అవకాశం దాదాపు 59 శాతం, ఏడు పాయింట్ల మొగ్గు ఉంటే దాదాపు 70 శాతం. రెండు టచ్‌డౌన్ల, అంటే దాదాపు 14 పాయింట్ల, మేర అటూ ఇటూ కావడం ఈ ఆట స్వభావంలోనే ఉంది, అది అంచనా వేసేవారి అసమర్థత కాదు.

ఇక గెలుపులా, పాయింట్ల తేడానా అన్న ప్రశ్నకు వస్తే, బేస్‌బాల్ కోసం బిల్ జేమ్స్ రూపొందించిన సూత్రాన్ని డారిల్ మోరీ ఫుట్‌బాల్‌కు తగ్గట్టు మార్చాడు. సాధించిన పాయింట్లనూ ఇచ్చిన పాయింట్లనూ 2.37 ఘాతానికి పెంచి, ఆ మొత్తంలో మొదటిదాని వాటా ఎంతో చూస్తే జట్టు గెలవవలసిన నిష్పత్తి వస్తుంది. ఐపీఎల్‌లో నెట్ రన్‌రేట్ చూసి జట్టు అసలు బలం గ్రహించే వారికి ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. 2022లో మిన్నెసోటా వైకింగ్స్ 13 గెలుపులతో ముగించింది గానీ, సాధించినవి 424 పాయింట్లు, ఇచ్చినవి 427. సూత్రం ప్రకారం ఎనిమిదిన్నర గెలుపులకు కాస్త తక్కువ రావాల్సిన జట్టు అది. ఆ డిసెంబర్‌లో ఇండియానాపోలిస్ కోల్ట్స్ మీద 33-0తో వెనకబడి 39-36తో గెలిచింది. అంతటి అద్భుతం కూడా పట్టికలో ఒక్క గెలుపే, పాయింట్ల తేడాలో మూడే. ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లో సొంత మైదానంలోనే న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 31-24తో ఓడింది.

సూత్రాన్ని అక్కడితో గెలిపించేయవచ్చు, కానీ 2011 జెయింట్స్ ఒప్పుకోరు. సీజన్‌లో 394 సాధించి 400 ఇచ్చిన ఆ జట్టు 9 గెలుపులతో లోపలికి వచ్చి, 15 గెలుపుల గ్రీన్ బే ప్యాకర్స్‌ను వాళ్ల మైదానంలోనే 37-20తో ఓడించి, చివరికి సూపర్‌బౌల్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌ను 21-17తో ఓడించింది. సీజన్ మొత్తం అంకెల్లో గాయాలతో బయట కూర్చున్నవాళ్లు లేని వారాలు కూడా కలిసి ఉంటాయి. జనవరిలో మైదానంలోకి దిగేది ఆ సగటు జట్టు కాదు, ఆ రోజుకు ఆరోగ్యంగా ఉన్న జట్టు.

దీనికి తోడు చివరి వారం ఉంది. 2025 జనవరి 5న మొదటి సీడ్ అప్పటికే ఖాయం కావడంతో చీఫ్స్ ముఖ్య ఆటగాళ్లకు విశ్రాంతి ఇచ్చి డెన్వర్ చేతిలో 38-0తో ఓడింది. ఆ ఒక్క మ్యాచ్ తీసేస్తే పాయింట్ల తేడా 59 నుంచి 97కు పెరుగుతుంది. అయినా సూత్రం ప్రకారం 16 మ్యాచ్‌లలో దాదాపు పదిన్నర గెలుపులే వస్తాయి, జట్టు గెలిచింది 15. సమాధానం మారలేదు గానీ, అంకెను చూసేముందు అది ఎలా వచ్చిందో అడగడం అలవాటు చేసుకోవాలి.

చివరి వారం చిక్కులకు పరాకాష్ఠ 2022 జనవరి 9. అంతకుముందు అదే రోజు జాక్సన్‌విల్ అనుకోకుండా ఇండియానాపోలిస్‌ను ఓడించడంతో, లాస్ వెగాస్‌లో రాత్రి జరిగే రైడర్స్, చార్జర్స్ మ్యాచ్ టై అయితే రెండు జట్లూ ప్లేఆఫ్స్‌కు వెళ్లే విచిత్ర పరిస్థితి ఏర్పడింది. ఆట 29-29తో అదనపు సమయంలోకి వెళ్లింది, అక్కడ 32-32 అయింది. గడియారంలో 38 సెకన్లు ఉండగా చార్జర్స్ కోచ్ టైమ్‌అవుట్ తీసుకున్నాడు. చివరి క్షణంలో డానియల్ కార్ల్‌సన్ 47 గజాల కిక్‌తో రైడర్స్‌ను గెలిపించాడు. చార్జర్స్ ఇంటికి, ఎక్కడో కూర్చుని చూస్తున్న పిట్స్‌బర్గ్ ప్లేఆఫ్స్‌కు. సీజన్‌ను కంప్యూటర్‌లో వేలసార్లు ఆడించి శాతాలు చెప్పే నమూనాలు టైకి సాధారణంగా ఇచ్చే విలువ చాలా స్వల్పం. ఆ రాత్రి అది దాదాపు నిజమైంది.

ప్లేఆఫ్స్ మొదలయ్యాక లెక్క ఇంకా నిర్దయగా ఉంటుంది. 14 జట్లకు 13 మ్యాచ్‌లు, అంటే 8,192 రకాల ఫలితాలు. ప్రతి మ్యాచ్‌లోనూ మూడింట రెండు వంతుల నమ్మకంతో సరైన జట్టును ఎంచుకోగలిగినా, పదమూడూ సరిపోయే అవకాశం దాదాపు 200లో ఒకటి. అదే బలంతో మొదటి సీడ్ మూడు మ్యాచ్‌లు గెలిచి కప్పు తీసుకునే అవకాశం 30 శాతం, నాలుగు ఆడాల్సిన జట్టుకు 20 శాతం. తొలి రౌండ్ విశ్రాంతి విలువ ఈ పది శాతం. కాబట్టి ఏ జట్టుకైనా 30 శాతం ఇచ్చిన నమూనా ఆ జట్టు ఓడిపోగానే తప్పయిందని నిందించడం నాకు న్యాయంగా కనిపించదు. ఓడిపోతుందని అది 70 శాతం చెప్పింది మరి.

2024 సీజన్ ప్రశ్నకు జనవరి ఇచ్చిన జవాబు ఇద్దరినీ తృప్తిపరచలేదు. 222 తేడా ఉన్న లయన్స్ సొంత మైదానంలో ఐదుసార్లు బంతి పోగొట్టుకుని, ఆరో సీడ్ వాషింగ్టన్ చేతిలో 45-31తో ఓడింది. 59 తేడా ఉన్న చీఫ్స్ బఫెలోను 32-29తో దాటి సూపర్‌బౌల్‌కు చేరి, అక్కడ 160 తేడా ఉన్న ఫిలడెల్ఫియా ఈగల్స్ చేతిలో 40-22తో ఓడింది. మూడో క్వార్టర్‌లో ఒక దశలో స్కోరు 34-0.

ఆ ఏడాది వైకింగ్స్ 14 గెలుపులు సాధించినా, వాళ్లున్న డివిజన్‌ను (కాన్ఫరెన్స్‌లోని నాలుగు జట్ల విభాగం) లయన్స్ గెలవడంతో ఐదో సీడ్‌గా 10 గెలుపుల రామ్స్ ఆతిథ్యంలో ఆడాల్సి వచ్చింది. లాస్ ఏంజెలిస్ కార్చిచ్చు వల్ల ఆ మ్యాచ్‌ను అరిజోనాకు మార్చారు, అక్కడ కూడా రామ్స్ 27-9తో గెలిచింది. డివిజన్ విజేత అన్న హోదాతో పనిలేకుండా రికార్డు ప్రకారమే సీడ్ ఇవ్వాలని ఆ తర్వాత లయన్స్ యాజమాన్యం ప్రతిపాదించింది, తగిన మద్దతు లేక 2025 మే నెలలో వెనక్కి తీసుకుంది. ఎనిమిది గెలుపులతోనైనా సరే డివిజన్ గెలిచిన జట్టుకే తొలి మ్యాచ్ సొంత మైదానంలో దక్కుతుందన్న నిబంధన అలాగే కొనసాగుతోంది.